నల్ల చొక్కా, పూల గొడుగు

మా పక్కింటి పెద్దాయనకి తుంటి ఆపరేషన్, ఆయన ఎనిమిది నెలల ముందే టికెట్లు కొనిపెట్టుకున్న పాటకచేరీ ఒకే వారంలో వచ్చిపడ్డాయి. ఈ మాంచెస్టర్‌లో ఆపరేషన్ తేదీ వదులుకుంటే మళ్లీ ఎప్పుడిస్తారో చెప్పలేం. అరవై ఏళ్ల నాటి బ్యాండు మళ్లీ ఎప్పుడు పాడుతుందో అసలే చెప్పలేం. ఆయన రెండు రోజులు ఆలోచించి, పెరటి కంచె మీదుగా నన్ను పిలిచి, "మా ఆవిడకి తోడుగా నువ్వెళ్లు" అన్నారు.

ఆవిడకి 78 ఏళ్లు. పేరు పెట్టి పిలవమంటారు. తెనాలిలో పుట్టిన నోటికి అంత పెద్దావిడ పేరు రాదు, అందుకని "ఆంటీ" అంటాను. మొదట్లో నేనలా పిలిచినప్పుడల్లా వెనక్కి తిరిగి, ఇంకెవరున్నారా అని చూసేవారు. ఇప్పుడు అలవాటైంది.

ఆ బ్యాండు పేరు హాలీస్. నేను హోలీ అని విని, రంగులు చల్లుతారేమో, పాత బట్టలు వేసుకుందామా అని కూడా అనుకున్నాను. కాదట. బడ్డీ హాలీ అనే అమెరికన్ గాయకుడి మీద అభిమానంతో పెట్టుకున్న పేరట. 1962లో ఈ ఊళ్లోనే మొదలైంది. ఎలిమెంటరీ స్కూలు నుంచీ జట్టుగా తిరిగిన ఆలన్ క్లార్క్, గ్రాహం నాష్ దాని మూలపురుషులు. నాష్ 1968లో విడిపోయి అమెరికా వెళ్లిపోయారు, క్లార్క్ తర్వాతెప్పుడో గొంతు సహకరించక మానుకున్నారు. 1963లో చేరిన గిటార్ టోనీ హిక్స్, డ్రమ్స్ బాబీ ఎలియట్ మాత్రం ఇంకా వాయిస్తూనే ఉన్నారు. మిగతావాళ్లంతా తర్వాత తర్వాత వచ్చినవాళ్లు.

"అంటే అసలు పాడినవాళ్లే లేరన్నమాట" అంది మా ఆవిడ. సురభి నాటకాలు 1885లో మొదలయ్యాయి, ఇప్పుడు కృష్ణుడి వేషం వేసేది ఎవరు, మొదటాయన మునిమనవడు కాదూ అన్నాను. అయినా మనం టికెట్ కొనట్లేదా? దానికి జవాబు చెప్పకుండా నన్ను పైనుంచి కిందికి చూసి, "అచ్చం అయ్యప్పస్వామిలా ఉన్నారు, బూట్లొక్కటే అడ్డు" అంది.

తప్పు అక్కడే జరిగింది. నాకు తెలిసిన రాక్ కచేరీలన్నీ యూట్యూబ్‌లో చూసినవే. చీకటి, పొగ, తోపులాట, అందరి ఒంటి మీదా నలుపు. అందుకని నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల బూట్లు వేసుకున్నాను. చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా జేబులో వేసుకున్నాను.

బస్సు దిగి, వానలో ఆంటీ పూల గొడుగు కింద ఇద్దరం హాలు చేరాం. లోపల పొగ లేదు. తోపులాట లేదు. తెల్ల జుట్లు, స్వెట్టర్లు, చేతికర్రలు, ఎవరి దిండు వాళ్లు తెచ్చుకున్న జనం. ఘంటసాల గారి పాటల సభకి తెనాలిలో ముందు వరసల్లో ఎవరు కూర్చుంటారో సరిగ్గా వాళ్లే, రంగొక్కటే వేరు. హాలు మొత్తం మీద నలుపు తొడుక్కున్నది నేనూ, సీట్లు చూపించే సిబ్బందీ.

ఆంటీని కూర్చోబెట్టి, తడిసిన గొడుగు దులపడానికి నడవలోకి వచ్చాను. ఒక పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని "ఎఫ్ వరస ఎక్కడ నాయనా?" అన్నారు. మా వరస వెనకే ఎఫ్. చూపించాను. చూపించకూడదు. ఒకసారి చూపించినవాణ్ని చూసి వెనక పది మంది నిలబడ్డారు.

నేను స్టాఫ్ కాదు అని చెప్పొచ్చు కదా అంటారు. పదిహేనేళ్లుగా ఐటీలో ఉన్నవాణ్ని, ఎవరేమడిగినా నోటి వెంట ముందు "ష్యూర్" వస్తుంది. పని ఏమిటో తర్వాత తెలుస్తుంది. ఆ లెక్కన నలుగురికి సీట్లు, ముగ్గురికి బాత్రూమ్, ఒకాయనకి వినికిడి మిషన్ కిందపడితే సెల్‌ఫోన్ లైటు వేసి మిషన్ చూపించాను. లైటు వేశాక ఇంకేముంది, మా ఊరి సినిమా హాల్లో టార్చిలైటు వాడికీ నాకూ తేడా లేకుండా పోయింది. చివరికి మెడలో బ్యాడ్జ్ ఉన్న అసలు సూపర్‌వైజర్ వచ్చింది. బతికాను అనుకున్నాను. "నీ బ్యాడ్జ్ ఏది? సరేలే, మూడో తలుపు దగ్గర మనిషి తక్కువయ్యాడు, అక్కడ నిలబడు" అంది.

ష్యూర్ అన్నాను.

మొదటి సగం మూడో తలుపు దగ్గర నిలబడే విన్నాను. కానీ ఒక మాట చెప్పాలి. ఎనభై దాటిన ఎలియట్ గారు డ్రమ్స్ మీద కొట్టిన మొదటి దెబ్బకే నా వెన్ను నిటారైంది. మోత కాదు, కొలత. చెయ్యి ఎక్కడ పడాలో అక్కడే పడుతోంది. దాని మీద గొంతులు ఒకదాని మీద ఒకటి దొంతరలా పేర్చినట్టు లేచాయి. దూది జేబులోనే ఉండిపోయింది. పాట అవ్వగానే ముందు వరసలవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొడదామనుకున్నారు. వాళ్లు లేవడం పూర్తయ్యేసరికి రెండో పాట మొదలైంది, మళ్లీ కూర్చున్నారు.

ఇంటర్వెల్‌లో ఒక పెద్దాయన పది పౌండ్ల నోటు నా చేతిలో పెట్టి "స్ట్రాబెర్రీ ఒకటి" అన్నారు. ఇక్కడ హాళ్లలో అమ్మే చిన్న ఐస్‌క్రీమ్ కప్పు అది, మూతలోనే చెంచా దాచి ఉంటుంది. క్యూలో నిలబడి కొని, చిల్లరతో సహా తెచ్చిచ్చాను. చెంచా ఎక్కడుందో కూడా నేనే తీసి చూపించాను. అర పౌండు టిప్పు ఇచ్చారు. జీతం కాకుండా ఇంగ్లండులో నేను సంపాదించిన మొదటి డబ్బు అది.

ఆ వెంటనే ఇంకో పెద్దావిడ నా మోచేతికి వేలాడుతున్న గొడుగు చూసి మొహం విప్పార్చుకుని, "అమ్మయ్య, దొరికిందా! బస్సులో మర్చిపోయాననుకున్నాను" అంటూ తీసుకున్నారు. నా నోరు అలవాటు ప్రకారం ష్యూర్ అంది. అది ఆంటీ గొడుగని నా బుర్రకి తట్టేసరికి ఆవిడ నాకో టాఫీ ఇచ్చి వెళ్లిపోయారు.

రెండో సగంలో బస్‌స్టాప్ పాట వచ్చింది. 1966 నాటిది. వానలో బస్టాపు దగ్గర ఒకబ్బాయి ఒకమ్మాయికి తన గొడుగులో చోటిస్తాడు, ఆగస్టు వచ్చేసరికి అంతా కుదిరిపోతుంది. అంతే కథ. హాలంతా ఒక్కసారిగా పాడింది, మాంచెస్టర్ వాళ్లకి వానా బస్టాపూ ఒకరు చెప్పాలా. నాకు మాత్రం గొడుగు అన్న మాట వచ్చినప్పుడల్లా చెమట పట్టింది.

తర్వాత, 1969లో వచ్చిన ఆ అన్నదమ్ముల పాట. తమ్ముణ్ని మోస్తున్నా బరువనిపించదు అనే పాట. అసలు రికార్డులో పియానో వాయించింది అప్పటికింకా పెద్ద పేరు రాని ఎల్టన్ జాన్. దాదాపు ఇరవై ఏళ్లకి, 1988లో, ఒక బీరు ప్రకటన పుణ్యమా అని మళ్లీ విడుదలై ఇక్కడ మొదటి స్థానానికెళ్లిందట. ఇవన్నీ ఆంటీ బస్సులోనే చెప్పారు. పాట మొదలైనప్పుడు నేను ఎవరిదో చక్రాల వాకర్ మడిచి, గోడ వారకి మోసుకెళ్తున్నాను. తమ్ముడి సంగతేమో గానీ వాకర్ బరువే.

చివరి పాటకి ఆంటీ నన్ను వెతుక్కుంటూ మూడో తలుపు దాకా వచ్చారు. కళ్లు తడిగా ఉన్నాయి. "నువ్వు అంత వెనక నిలబడి ఎందుకు విన్నావు?"

"ఇక్కడ సౌండ్ బావుంది ఆంటీ."

బయట వాన బాగానే పడుతోంది. బస్టాపుకి పైకప్పు ఉంది గానీ, ఊరి వాన పక్క నుంచి కొడుతుంది. ఆంటీ స్కార్ఫ్ తలకి చుట్టుకుని, "ఆ పాట వచ్చినప్పుడు మా ఆయన గుర్తొచ్చారు. మేమూ బస్టాపులోనే కలిశాం, కానీ ఇద్దరికీ గొడుగు లేదు. అందుకే ఆగస్టు కాస్తా అక్టోబరైంది" అని నవ్వారు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, "ఇంతకీ మన గొడుగేదీ?" అన్నారు.

నేను టాఫీ కవరు విప్పడంలో మునిగిపోయాను.

రోడ్డుకి అవతల బస్టాపులో ఇద్దరు నిలబడి ఉన్నారు. గొడుగు పట్టుకున్నది టాఫీ ఇచ్చినావిడ. దాని కింద భుజం తడవకుండా బాగా దగ్గరగా జరిగింది స్ట్రాబెర్రీ పెద్దాయన. ఆయన ఏదో చెబుతున్నారు, ఆవిడ నవ్వుతున్నారు.

ఆంటీ కళ్లజోడు తుడుచుకుని అటు చూశారు. "అరె, అచ్చం నా గొడుగులాగే ఉందే!"

"అవునాంటీ, అచ్చం" అన్నాను.