ఆటో నడిపేవాళ్లనీ ఆ కమిటీలో వేయండి
బడి పిల్లల మీద తోటి పిల్లల వేధింపులు ఆగాలంటే బడి, పోలీసులు, తల్లిదండ్రులు కమిటీగా కలిసి పనిచేయాలన్నారు మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో. నిజమే, కానీ కొందరిని మరిచారు. మాది అమలాపురం దగ్గర పల్లె. మావాడు ఏడో తరగతిలో ఉండగా తరచూ చొక్కా గుండీలు తెగి వచ్చేవాడు. అడిగితే ఆటల్లో తెగాయనేవాడు, నమ్మేశాం. కాలువ గట్టు మీద పెద్ద పిల్లలు వాణ్ణి పట్టుకుని, పుస్తకాల సంచీ నీళ్లలోకి విసిరేస్తామని బెదిరిస్తున్నారని మాకు చెప్పింది టీచరు కాదు, ఆటో నడిపే అబ్బాయి. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098 బడి గోడ మీదే రాసి ఉంది. భయంతో నోరు పెగలని పిల్లాడు ఎవరి ఫోను అడిగి చేస్తాడండీ? రెండు పూటలా వాడి మొహం చూసే ఆటోవాళ్లనీ, మధ్యాహ్నం అన్నం వడ్డించే ఆయమ్మలనీ కూడా ఆ కమిటీలో వేయండి.