టెర్రస్ మీద రెండు గజాలు

కరోనా కాలపు చరిత్ర రాసేవాళ్ళు ఆసుపత్రుల గురించి, టీకాల గురించి, ఆర్థిక వ్యవస్థ గురించి రాస్తున్నారు. రాయనివ్వండి, అవీ అవసరమే. కానీ 2020 వేసవిలో హైదరాబాద్‌లోని ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద వాకింగ్ హక్కు గురించి జరిగిన చర్చలను ఒక్క చరిత్రకారుడూ పట్టించుకోలేదు. రాజ్యాంగ సభ చర్చలకు సంపుటాలున్నాయి. మా టెర్రస్ చర్చలకు వాట్సాప్ గ్రూపు తప్ప దిక్కు లేదు. అందులోనూ సగం మెసేజ్‌లు పంపినవాళ్ళే డిలీట్ చేసేశారు. భావితరాల పట్ల ఆ మాత్రం బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి కాబట్టి నేను తీసుకుంటున్నాను.

మాకు టెర్రస్ అనేది ఒకటుందని చాలామందికి తెలిసిందే మార్చి 22న, జనతా కర్ఫ్యూ నాడు. సాయంత్రం ఐదింటికి వైద్య సిబ్బందికి కృతజ్ఞతగా చప్పట్లు కొట్టమన్నారు. బాల్కనీలో నిలబడి కొడితే ఎదురింటివాళ్ళకు తప్ప ఎవరికి కనిపిస్తుంది? అందుకని పళ్ళాలూ గరిటెలూ పట్టుకుని అందరూ పైకెక్కారు. మనిషికి మనిషి దూరంగా ఉండాలన్న సందేశాన్ని ముప్పై ఇళ్ళవాళ్ళూ భుజాలు రాసుకుంటూ నిలబడి సమర్థించారు. తర్వాత గ్రూప్ ఫొటో. ఫ్రేములో పట్టడం లేదని ఇంకాస్త దగ్గరగా జరిగారు.

మూడు రోజులకే ఉగాది. సరిగ్గా ఆ రోజే దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. పంచాంగాలు రాజపూజ్యం ఎంతో, అవమానం ఎంతో రాశి వారీగా లెక్కగట్టి చెప్పాయి గానీ, ఆ అవమానం పాలపాకెట్‌తో చెక్‌పోస్టు దగ్గర జరుగుతుందని మాత్రం చెప్పలేదు.

నిబంధనలు తేలికగానే ఉండేవి. నిత్యావసరాలకు ఇంటి నుంచి 3 కిలోమీటర్ల లోపు వెళ్ళవచ్చు. బండి మీద ఒక్కరే. రాత్రి 7 దాటితే కర్ఫ్యూ. కేబీఆర్ పార్కు, ఇందిరా పార్కు వంటి వాకింగ్ పుణ్యక్షేత్రాలన్నిటికీ తాళాలు. వాకింగ్ ఏ జాబితాలోనూ లేదు. అంటే షుగర్ ఉన్న మనిషి బయటికెళ్ళి చక్కెర కొనుక్కోవచ్చు, దాన్ని కరిగించుకోవడానికి మాత్రం వెళ్ళకూడదు. ఈ లోపాన్ని మొదట గుర్తించిన మేధావి 204 గారు. (మా దగ్గర మనుషులకు పేర్లుండవు, ఫ్లాట్ నంబర్లుంటాయి.) ఆయన చేతిలో సంచీ పట్టుకుని నడవడం మొదలుపెట్టారు. సంచీ ఉంటే నిత్యావసరం, లేకపోతే నేరం. ఉదయం పాలపాకెట్‌కు ఒక ట్రిప్పు, కొత్తిమీరకు ఒకటి, మర్చిపోయిన పచ్చిమిరపకాయలకు మరొకటి. మర్చిపోవడమనేది ఇంత క్రమశిక్షణతో చేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. చివరికి ఒక ఎస్సై గారు సంచీలోకి తొంగిచూసి, "ఏం సార్, ఒక్క కరివేపాకు రెబ్బ కోసం రెండున్నర కిలోమీటర్లు నడిచొచ్చిండ్రా?" అని అడగడంతో ఆ ఉద్యమం ముగిసింది. నడకప్రియుల దృష్టి టెర్రస్ మీద పడింది.

మొదటి సర్వసభ్య సమావేశం అక్కడే జరిగింది. ప్రపంచ దేశాల అనుభవాలను పరిశీలించారు. మాలో ప్రతి మూడో ఇంటి పిల్లలు విదేశాల్లో ఉంటారు కాబట్టి ఇది మాకు కష్టం కాదు. లండన్‌లో రోజుకొకసారి వ్యాయామానికి బయటికి వెళ్ళనిస్తున్నారని 302 గారు చెప్పారు, అక్కడి ప్రభుత్వం తన కొడుకును అడిగే ఆ నిర్ణయం తీసుకుందన్న ధోరణిలో. పారిస్‌లో ఉన్న 404 వాళ్ళమ్మాయి ఇంటి నుంచి కిలోమీటరు దూరం, గంటసేపు మాత్రమే తిరగాలట. అది కూడా ఎందుకు వెళ్తున్నదీ కాగితం మీద రాసి, తన సంతకం తానే పెట్టి, జేబులో పెట్టుకుని వెళ్ళాలట. తనకు తానే అనుమతి ఇచ్చుకునే ఈ పద్ధతి సభకు చాలా నచ్చింది. ఏప్రిల్‌లో అక్కడ పొద్దున 10 నుంచి రాత్రి 7 దాకా జాగింగ్ నిషేధించారని తెలిసినప్పుడు మాత్రం, హైదరాబాద్ ఎండలో ఆ పని ప్రభుత్వం చేయాల్సిన అవసరం లేదని అందరూ ఒప్పుకున్నారు. స్పెయిన్‌లో మనుషులు వ్యాయామానికి రాకూడదు గానీ కుక్కను తిప్పడానికి రావచ్చని 501 మేడమ్ చెప్పగానే, అందరి కళ్ళూ ఆవిడ పామరేనియన్ మీదికి వెళ్ళాయి. ఆ సాయంత్రం నుంచి దాన్ని ఆవిడ తలుపు దాటనివ్వలేదు.

తర్వాత అసలు సమస్య వచ్చింది. రెండు గజాల దూరం పాటించాలని ప్రధాని చెప్పారు, సరే. ఇద్దరికీ కలిపి రెండు గజాలా, ఎవరి రెండు గజాలు వాళ్ళవా?

తేలిగ్గా తీసిపారేయకండి. గజం అనే మాట వినగానే హైదరాబాద్ మనిషిలో ఏదో మేల్కొంటుంది. ఇక్కడ గజం ధర తెలియని పసిపిల్లలు కూడా ఉండరు. "నా చుట్టూ రెండు, మీ చుట్టూ రెండు, మొత్తం నాలుగు" అని 302 గారు. "హద్దు గోడ ఉమ్మడిగా కట్టుకోమా? ఇదీ అంతే, మధ్యలో ఉన్న రెండూ ఉమ్మడి" అని ప్రెసిడెంట్ గారు. బిల్డింగ్ చుట్టూ చట్ట ప్రకారం వదలాల్సిన ఖాళీలో జనరేటర్ గది కట్టుకున్నవాళ్ళం, మనిషి చుట్టూ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి అంగుళం కూడా వదులుకోలేదు. గంటసేపు సాగిన ఈ వాదన ఒకరికొకరు జానెడు దూరంలో నిలబడి, మాట స్పష్టంగా వినబడాలని మాస్కులు గడ్డం కిందికి లాక్కుని చేశారన్నది వేరే విషయం.

దిశ గురించి పెద్దగా చర్చ జరగలేదు. ఎడమవైపు తిరిగితే అప్రదక్షిణం అవుతుందని ఎవరో అన్నారు, అంతే. నాస్తికులతో సహా అందరూ ప్రదక్షిణంగానే నడిచారు. అయితే అందరి వేగం ఒకటి కాదు. మోకాళ్ళ నొప్పుల 101 గారిని జిమ్ బాడీ 503 కుర్రాడు దాటిపోవాలంటే రెండు గజాల నియమం తప్పాలి. దాటకుండా వెనకే నడిస్తే అతనికి చెమట పట్టదు. ఆయనను తొందరగా నడవమంటే కమిటీకి ఆస్పత్రి ఖర్చు.

ఈలోగా గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. బెల్జియం, నెదర్లాండ్స్ ఇంజినీర్లు గాలి లెక్కలు కట్టి చెప్పారట: ముందు నడిచేవాడి తుంపర్లు వెనకవాడికి తగలకుండా ఉండాలంటే నడకలో 4, 5 మీటర్లు, పరుగులో 10 మీటర్లు, వేగంగా సైకిల్ తొక్కితే 20 మీటర్లు దూరం ఉండాలి. ఆ లెక్కలను తోటి శాస్త్రవేత్తలు ఇంకా సరిచూడలేదని అక్కడివాళ్ళే అభ్యంతరం చెప్పారు గానీ, ఆ సంగతి చెప్పే మెసేజ్‌ను మా గ్రూపులో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. రిటైర్డ్ ఇంజినీర్ అయిన మా ప్రెసిడెంట్ గారు టేపు తెప్పించారు. ట్యాంకులూ సోలార్ ప్లేట్లూ పోను నడక దారి చుట్టుకొలత 240 అడుగులు. రెండు గజాల లెక్కన 40 మంది నడవొచ్చు. బెల్జియం లెక్కన 14 మంది. అందరూ పరిగెడితే ఏడుగురు. అంటే పక్కవాడు ఎంత వేగంగా నడిస్తే నా వంతు అంత తగ్గుతుంది. అప్పటిదాకా ఇరుగుపొరుగుగా ఉన్నవాళ్ళు ఆ క్షణం నుంచి ఒకరి పాదాలనొకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు.

ఇంత పకడ్బందీ ప్రణాళిక 103 బామ్మగారి వడియాల దగ్గర ఆగిపోయింది. ఏప్రిల్ ఎండలు. ఆవిడ తెల్లవారుజామునే తూర్పు వైపు పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టేశారు. పక్కన చల్ల మిరపకాయలు. వాకర్లు వచ్చేసరికి ట్రాక్‌లో నాలుగో వంతు లేదు.

"బామ్మగారూ, ఇది కామన్ ఏరియా అండీ" అన్నారు సెక్రటరీ.

"అవును నాయనా, అందుకే పెట్టాను" అన్నారావిడ. "నేను పన్నెండేళ్ళుగా ఇక్కడే పెడుతున్నా. నువ్వు ఈ మెట్లెక్కింది ఎప్పుడు? మొన్న పళ్ళెం కొట్టడానికి కదూ?"

అనుభవ హక్కు ముందు బైలాస్ నిలబడలేకపోయాయి. వడియాలు ఎండేవరకూ వాకర్లు పంచె చుట్టూ తిరిగి వెళ్ళాలని, వెళ్తున్నప్పుడు తుమ్మరాదని, తుమ్మితే ఆ వాయి మొత్తం తుమ్మినవారే కొనుక్కోవాలని తీర్మానం. ఆ వేసవిలో మా కమిటీ చేసిన తీర్మానాల్లో పూర్తిగా అమలైంది ఇదొక్కటే.

మే నెల నుంచి 65 ఏళ్ళు దాటినవాళ్ళు, పదేళ్ళలోపు పిల్లలు ఇల్లు కదలొద్దని కేంద్రం చెప్పింది. రైల్లో కింది బెర్త్ దగ్గర, బ్యాంకు క్యూలో, వడ్డీ అర శాతం ఎక్కువొచ్చే డిపాజిట్ల దగ్గర సీనియర్ సిటిజన్‌నని గర్జించే ముగ్గురు పెద్దమనుషులు రాత్రికి రాత్రి 64కు దిగిపోయారు. ఆధార్ చూపిస్తే, "అది స్కూల్లో మాస్టారు వేసిన డేటండీ" అన్నారు. మా తరంలో సగం మందికి మాస్టారు వేసిన డేటే కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. ఆ మాస్టార్లు ఉద్యోగం రెండేళ్ళు ఎక్కువ చేసుకోమని వయసు తగ్గించి వేస్తారే గానీ పెంచి వేయరన్న అనుమానం నాకు వచ్చింది. పైకి అనలేదు.

దూరం విషయంలో మా కమిటీకి ఉన్న ముందుచూపును ఇక్కడ మెచ్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన సూత్రాన్ని మేము 2015లోనే అమల్లో పెట్టాం. "పనివారు లిఫ్ట్ వాడరాదు" అన్న మా బోర్డు కరోనా కంటే అయిదేళ్ళు సీనియర్. వాళ్ళ టీ గ్లాసు విడిగా కిటికీలో బోర్లించి ఉండటానికి ఏ మార్గదర్శకాలూ అవసరం రాలేదు. లాక్‌డౌన్ రాగానే పనిమనుషులను గేటు దగ్గరే ఆపేశాం. మరి జీతం ఇవ్వాలా? రావద్దన్నది మనమే అయినా, రానిది వాళ్ళు కదా అని 302 గారు తర్కించారు. ముప్పై ఇళ్ళలో ఎన్ని ఇళ్ళు ఇచ్చాయో చెప్పలేను. ఈ ఒక్క ప్రశ్నకు గ్రూపులో ఎవరూ జవాబు పెట్టలేదు, తర్వాత డిలీట్ చేయడానికి కూడా.

వాచ్‌మన్ సంగతి వేరు, అతను గేటు లోపలి మనిషే. పాలమూరు నుంచి వచ్చాడు. భార్య, ఇద్దరు పిల్లలతో సెల్లార్‌లో పది చదరపు గజాల గది. నలుగురూ తలా రెండు గజాల దూరం పాటించాలంటే కనీసం ఇద్దరు కారు కింద పడుకోవాలి. ఇది అజెండాలో లేదు కాబట్టి చర్చకు రాలేదు. అతను పొద్దున్నే ముప్పై ఇళ్ళకు పాలు వేసి, కూరగాయల సంచులు తలుపుల దగ్గర పెట్టి, చెత్త దింపి, మోటార్ వేసేవాడు. బటన్ల భయంతో లిఫ్ట్ ఆపేశారు కాబట్టి అంతా మెట్ల మీదే. అతని దగ్గర స్టెప్పులు లెక్కపెట్టే వాచీ లేదు. అందువల్ల అది వ్యాయామం కిందికి రాదు. వాకింగ్ జరుగుతున్న వేళల్లో అతను టెర్రస్ మీదికి రాకూడదని కూడా నియమం పెట్టారు. పదిమంది ఇళ్ళకు తిరిగే మనిషి, రిస్కు కదా.

సాయంత్రం వాకింగ్ అయ్యాక పిట్టగోడ దగ్గర చేరి ఫోన్లలో వార్తలు చూసుకునేవాళ్ళు. మేడ్చల్ వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనెత్తుకుని ఉత్తరాదికి నడిచిపోతున్న కూలీలు. "చూడండి, ఒక్కడికీ సరైన మాస్క్ లేదు, గుంపుగా వెళ్తున్నారు, దూరం అన్న స్పృహే లేదు" అని 401 గారు నిజంగానే బాధపడ్డారు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తారో అంచనా వేసి, "షుగర్ రాదు వీళ్ళకు" అన్నారు 204 గారు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరినప్పుడు, మన స్టేషన్ నుంచే అని టెర్రస్ మీద చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మే 6న వైన్ షాపులు తెరిచారు. సున్నంతో గీసిన గడుల్లో జనం ఎండలో కదలకుండా నిలబడిన తీరు చూసి, దూరం ఎలా పాటించాలో మా 503 కుర్రాడు అక్కడే నేర్చుకుని వచ్చాడు. అధ్యయనానికి రోజూ వెళ్ళాడు కూడా.

మే 19న జిల్లాల ఆర్టీసీ బస్సులు మళ్ళీ మొదలయ్యాయి. మర్నాడు తెల్లవారకముందే వాచ్‌మన్ గదికి తాళం కనబడింది. సిటీ బస్సులు ఇంకా లేవు. కాబట్టి ఊరి బస్సు దొరికే చోటు దాకా పెళ్ళాం పిల్లలతో నడిచే పోయి ఉంటాడు. తాళంచెవి మాత్రం మీటర్ బోర్డు మీద జాగ్రత్తగా పెట్టి వెళ్ళాడు. "ఒక మాట చెప్పి వెళ్ళొద్దా!" అని గ్రూపులో చాలామంది నొచ్చుకున్నారు.

ఎనిమిదింటికి కుళాయిలు ఆగిపోయాయి. మోటార్ స్విచ్ సెల్లార్‌లో ఉంది. ఎవరు వేస్తారని సెక్రటరీ మెసేజ్ పెట్టారు. ముప్పై ఇళ్ళవాళ్ళూ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. మెట్లు దిగి ఎక్కితే మోకీళ్ళు అరుగుతాయని తన డాక్టర్ చెప్పినట్టు 204 గారు వాయిస్ మెసేజ్ పంపారు, టెర్రస్ మీద నుంచి, కాస్త ఆయాసపడుతూ. సాయంత్రం అక్కడే అత్యవసర సమావేశం జరిగింది. కొత్త వాచ్‌మన్ దొరికేవరకూ మోటార్ వేసే పనిని అందరూ వంతులు వేసుకోవాలనీ, ఆ వంతులు ఎలా వేసుకోవాలన్నది కొత్త వాచ్‌మన్ వచ్చాక నిర్ణయించాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు.