ప్యాకేజీ దున్నేవాడిదేనా?

డెబియన్‌కు యజమాని లేడు. 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను సుమారు వెయ్యిమంది డెవలపర్లు నడుపుతున్నారు. డెబియన్ వాళ్ళెవరికీ జీతమివ్వదు. ఇందులోని ఒక్కో సాఫ్ట్‌వేర్ మూటను ప్యాకేజీ అంటారు, దాని బాగోగులు చూసుకునేవాడు మెయింటైనర్. 1997లో వాడుకరులకు ఇచ్చే మాటగా ఒక సామాజిక ఒప్పందం రాసుకున్నారు, 1998లో ఒక రాజ్యాంగం ఆమోదించుకున్నారు. తగువు వస్తే చివరి మాట ఓటుదా, పనిచేసేవాడిదా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఇద్దరి వాదన ఇది.

పనివాది: అన్నా, రాజ్యాంగం మొదట్లోనే ఉంది కదా, ఇది ఎవరి నెత్తినా పని రుద్దదని. అప్పగించిన పనైనా ఇష్టం లేకపోతే చేయనక్కర్లేదు. మరి వెయ్యిమందీ కలిసి ‘ఫలానాది జరగాలి’ అని ఓటేస్తే ఏం లాభం? చేసే చెయ్యి లేకపోతే తీర్మానం ఉత్త కాగితం. దున్నేవాడిదే భూమి.

నియమవాది: సగమే చదివావు తమ్ముడూ. ఆ వెంటనే ఇంకో వాక్యం ఉంది: పద్ధతి ప్రకారం తీసుకున్న నిర్ణయానికి అడ్డుపడకూడదని. చేయకపోవడం నీ హక్కు, చెడగొట్టడం కాదు. అయినా దున్నేవాడి సంగతి సరే, దున్నకుండా కంచె వేసుక్కూర్చున్నవాడి మాటేమిటి?

పనివాది: దానికి ఓటెందుకు? ఎవరి ప్యాకేజీలోనైనా బగ్ సరిచేసి ఆలస్యపు క్యూలోకి, అంటే కొన్ని రోజులు ఆగాకే డెబియన్‌లో చేరే వరుసలోకి, అప్‌లోడ్ చేయొచ్చు. విడుదలను ఆపేంత బగ్ వారం దాటినా మెయింటైనర్ ఉలకకపోతే అసలు ఆగక్కర్లేదు. అతను కదులుతున్నా సరే, అలాంటి పాత బగ్‌కు 2 రోజులు చాలు. దానికింది స్థాయి ముఖ్యమైన బగ్‌లకు 5 రోజులు, మిగతావాటికి 10. ఆలోపు మెయింటైనర్ వచ్చి ఆపుకోవచ్చు. ప్యాకేజీయే పాడుబడితే ‘స్వాధీనం చేసుకుంటాను’ అని బగ్ రాసి 21 రోజులు ఆగాలి. ఎవరూ వద్దనకపోతే 7 రోజుల ఆలస్యంతో అప్‌లోడ్ చేయాలి. అంతే, చేను చేతులు మారిపోయినట్టే.

నియమవాది: అది బీడు పడ్డ చేలకు. ఆ 21 రోజుల్లో ‘నేనున్నాను, వద్దు’ అని మెయింటైనర్ ఒక్క ముక్క రాస్తే మొత్తం ఆగిపోతుంది. చురుగ్గా ఉంటూ మొండికేసేవాడితోనే అసలు చిక్కు. అప్పుడు తగువులు తీర్చే సాంకేతిక కమిటీయే దిక్కు. అందులో గరిష్ఠంగా 8 మంది. మెయింటైనర్ నిర్ణయాన్ని కొట్టేయాలంటే వాళ్ళలోనూ ఒకటికి మూడు చొప్పున మెజారిటీ కావాలి. నీ దున్నేవాడికి రాజ్యాంగం ఇంత రక్షణ ఇచ్చిందని గమనించావా?

పనివాది: కమిటీ ఊసెత్తారు గనక 2014 ఫిబ్రవరి గుర్తుచేస్తాను. కంప్యూటర్ ఆన్ కాగానే మిగతా ప్రోగ్రాములను లేపే పని సిస్టమ్‌డీకా, అప్‌స్టార్ట్‌కా అంటే కమిటీలో 4-4. అధ్యక్షుడి కాస్టింగ్ ఓటుతో సిస్టమ్‌డీ గెలిచింది. ఆ నవంబర్‌లో ముగ్గురు కమిటీ వదిలేశారు, సిస్టమ్‌డీ వద్దన్నవాళ్ళు డెవువాన్ పేరుతో వేరుకాపురం పెట్టారు. అదే నెలలో దీని మీద సర్వసభ్య ఓటు కూడా పెట్టారు. గెలిచిన ఎంపిక ఏమిటో తెలుసుగా? ‘తీర్మానం అవసరం లేదు’ అన్నదే!

నియమవాది: ఆ మాట అనడానికి కూడా ఓటే కావలసి వచ్చింది.

పనివాది: అయినా 2019లో మళ్ళీ అదే గొడవ మీద ఓటేశారు. ఇక 2004కు రండి. సామాజిక ఒప్పందానికి ‘సంపాదకీయ సవరణలు’ అని పేరు పెట్టి ఓటుకు వదిలారు. పేరు చూసి కామాలు, ఫుల్‌స్టాప్‌లు అనుకున్నవాళ్ళున్నారు. తీరా చూస్తే ‘సాఫ్ట్‌వేర్’ అన్న చోట వ్యవస్థలోని ప్రతి భాగమూ స్వేచ్ఛగా (ఎవరైనా వాడుకుని, మార్చి, పంచుకునేలా) ఉండాలని వచ్చింది. మాన్యువళ్ళు, ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్ చిప్‌లను నడిపే కోడ్), ఫాంట్లు అన్నీ ఆ గీతలోకి వచ్చేశాయి. (మన పోతన, వేమన ఫాంట్లకు జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ ఉంది గనక వాటికి ఇబ్బంది లేదు.) అక్షరాలా పాటిస్తే సార్జ్ అనే తర్వాతి వెర్షన్ విడుదలే ఆగిపోతుందని తెలిసి, అమలు వాయిదా వేయడానికి ఇంకో ఓటు. సార్జ్ బయటికొచ్చింది 2005 జూన్‌లో. మళ్ళీ 2006లో ఎచ్ వెర్షన్ కోసం, 2008లో లెన్నీ వెర్షన్ కోసం ఫర్మ్‌వేర్ మీదే ఓట్లు.

నియమవాది: 2004 తప్పే, ఒప్పుకుంటాను. తీర్మానానికి పెట్టిన పేరే తప్పుదారి పట్టించింది. కానీ 2022లో అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ పెట్టొచ్చని ఆ ముడి విప్పింది కూడా ఓటే కదా. అప్పటిదాకా అందులో స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్ ఉండేది కాదు. ల్యాప్‌టాప్‌లో వైఫై చిప్‌కు అది లేక ఇన్‌స్టాలేషన్ మధ్యలో నెట్ దొరికేది కాదు. ఫర్మ్‌వేర్ కలిపిన ఇమేజ్‌లూ ఉండేవి గానీ, ‘అనధికారికం’ అని ఓ మూలన. కొత్తవాడికి అవి కనపడేవా?

పనివాది: వాటిని ఎవరి ఓటూ లేకుండా తయారుచేసింది పనివాళ్ళే కదా!

నియమవాది: ఆ పనివాళ్ళలోంచే ఓటు కావాలన్న మాట వచ్చింది. ఇచ్చిన మాట ఒకటి, చేస్తున్నది ఇంకొకటి అయితే ఎన్నాళ్ళని నెట్టుకొస్తారు? అందరం ఇచ్చిన మాటను ఒక్క బృందం మార్చలేదు. ప్రతిపాదనకు ఐదుగురి మద్దతు చాలు. ఓటరు ఎంపికలకు వరుస నంబర్లు వేస్తాడు, ‘పైవేవీ కాదు’ అన్నదానికి కూడా. కోరం, అంటే ఉండాల్సిన కనీస మద్దతు, లెక్క చూడు: డెవలపర్లు 1000 మంది అనుకో. వర్గమూలం 31.6, అందులో సగం 15.8, దానికి మూడింతలు 47.4. అంటే ఏ ఎంపికనైనా కనీసం 48 మంది ‘పైవేవీ కాదు’ కన్నా పైన పెట్టాలి. సామాజిక ఒప్పందాన్నే మార్చేదైతే, కింద పెట్టినవాళ్ళకు మూడు రెట్ల మంది పైన పెట్టి ఉండాలి. ఈ జల్లెడ దాటినవాటిని జంటలు జంటలుగా పోల్చి విజేతను తేలుస్తారు.

పనివాది: వెయ్యిలో 48! దీన్ని అందరి మాట అంటారా?

నియమవాది: కోరం పెంచితే ఓటేయకుండా ఇంట్లో కూర్చున్నవాడు గెలుస్తాడు. అదింకా అన్యాయం.

పనివాది: సరే, గెలిచారు. ఆ తర్వాత వచ్చిన బుక్‌వర్మ్ వెర్షన్‌లో ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అని కొత్త విభాగం పెట్టారు. దాని ముందటి బుల్స్‌ఐ నుంచి అప్‌గ్రేడ్ అయ్యేవాడు, ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి తేవాలో చెప్పే సోర్సెస్ జాబితాలో పాత ‘నాన్-ఫ్రీ’ ఒక్కటే ఉంచుకుంటే ఫర్మ్‌వేర్ పాతదే మిగిలిపోతుంది, కొత్త అప్‌డేట్‌లు రావు. ఈ పితలాటకం తీర్మానంలో ఎక్కడైనా ఉందా? కనిపెట్టి విడుదల గమనికల్లో హెచ్చరించింది పనివాళ్ళు. ఫర్మ్‌వేర్ వద్దనుకునేవాడికి ఇన్‌స్టాలర్ మొదలయ్యేటప్పటి బూట్ లైన్‌లో ‘ఫర్మ్‌వేర్=నెవర్’ అని రాసుకునే వీలు కల్పించిందీ వాళ్ళే.

నియమవాది: ఆ వీలు తీర్మానంలోనే ఉంది, పాఠం తీసి చదువు. బూట్ దగ్గరే ఆపుకునే మార్గాలు పెడతామని మాట ఇచ్చారు.

పనివాది: ‘వీలైన చోట’ అని కూడా ఉందన్నా అక్కడ. ఎక్కడ వీలవుతుందో తేల్చింది కోడ్ రాసినవాడే.