యూరప్‌లో అన్నీ ఫ్రీ అట!

"యూరప్‌లో వైద్యం ఫ్రీ, చదువు ఫ్రీ, కారు అక్కర్లేదు, నెల రోజులు సెలవు. అమెరికాలో డబ్బు తప్ప బతుకు లేదు." మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ మాట మూడు నెలలకోసారి తిరిగొస్తుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో రెండేళ్లు, తర్వాత అమెరికాలోని డాలస్ శివార్లలో ఐదేళ్లు కాపురం చేసినవాణ్ని కాబట్టి నా జవాబు ఇది. యూరప్ అంటే ఒక దేశం కాదు గనక నేను చూసిన జర్మనీ గురించే చెబుతాను.

వైద్యం ఫ్రీ కాదు. ప్రభుత్వ బీమాకి జీతంలో 14.6 శాతం, ఆపైన ఇంకొంత కట్టాలి. సగం కంపెనీది, సగం మనది. పన్ను, పింఛను కూడా కలిపితే పెళ్లికాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి జీతంలో మూడో వంతుకు పైనే చేతికి రాకముందే పోతుంది. ఈ ఫార్వర్డ్ రాసినాయన అక్కడి పేస్లిప్ చూసి ఉండరు.

కట్టాక మాత్రం భయం లేదు. ఉద్యోగం లేని భార్య, పిల్లలు అదే బీమాలోకి వస్తారు. జబ్బు చేస్తే ఆరు వారాల దాకా కంపెనీ పూర్తి జీతం ఇవ్వాలి. డాలస్‌లో మావాడి చెయ్యి విరిగితే ఆసుపత్రి బిల్లు ఒకటి, డాక్టరుది వేరే, ఎక్స్‌రే చూసినాయనది ఇంకోటి, మూడు నెలల పాటు పోస్టులో వస్తూనే ఉన్నాయి. బీమా లేక కాదు, డిడక్టిబుల్ (బీమా కంపెనీ ఇవ్వడం మొదలెట్టేముందు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) దాటలేదంతే. స్టుట్‌గార్ట్‌లో బిల్లు రాదు గానీ, చర్మ డాక్టరు కోసం రెండు నెలలు ఆగాను. జ్వరమని వెళ్తే వేడి టీ తాగి పడుకోమన్నారు. "సూదైనా వెయ్యలేదా?" అని మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

చదువు సంగతి: ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు లేదు, నిజమే. కానీ స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రమే 2017లో మనలాంటి యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకి సెమిస్టరుకి 1,500 యూరోలు పెట్టింది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024లో మొదలెట్టింది. వీసాకి ఖాతాలో చూపించాల్సిన డబ్బు (2025లో ఏడాదికి 11,904 యూరోలు) దీనికి అదనం.

కారు, సెలవుల మాట నిజం, వాదించను. అక్కడ ఏడాదికి కనీసం నాలుగు వారాల సెలవు చట్టమే ఇస్తుంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రైవేటు ఉద్యోగులకి జీతంతో సెలవు ఒక్కరోజు కూడా ఇవ్వదు.

ఇక "అమెరికాలో బతుకు లేదు" అన్నది. స్టుట్‌గార్ట్‌లో ఆదివారం కొట్లు దాదాపు అన్నీ మూత, ఇంట్లో చప్పుడు చేయకూడదు. చట్నీకి మిక్సీ వేస్తే కింది ఇంటావిడ తలుపు కొట్టింది. డాలస్‌లో ఆదివారం గోంగూర కొనుక్కుని, గుడికెళ్లి, నలుగురినీ భోజనానికి పిలుస్తాం.

అసలు సంగతి, అంటే అక్కడే స్థిరపడే హక్కు, ఆ ఫార్వర్డ్‌లోనే లేదు. అమెరికాలో ఉద్యోగ గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. మనవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉండగా ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోడానికి గడువు 60 రోజులు. జర్మనీలో బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) ఉండి, బీ1 అనే మధ్యస్థాయి జర్మన్ భాష వస్తే 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. నేను ఆ భాషా పరీక్ష రెండుసార్లు తప్పాను. ఈలోగా కంపెనీ డాలస్ పంపుతానంటే ఎగిరి గంతేసి వచ్చేశాను. ఇప్పుడు గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాను.