తుల్లియో డి పిస్కోపో 'దిగజారాడు' అనేవాళ్లకి

"మంచి జాజ్ డ్రమ్మర్ అండీ, డబ్బుకి ఆశపడి పాప్‌లోకి దిగిపోయాడు." తుల్లియో డి పిస్కోపో పేరెత్తితే చాలు, జాజ్ వినే మిత్రుల్లో ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

1946లో ఇటలీలోని నేపుల్స్‌లో పుట్టాడు. తండ్రిది కూడా తాళవాద్యాల వృత్తే. తర్వాత మిలాన్ చేరి రికార్డింగ్ స్టూడియోల్లో పని చేశాడు. 1974లో అర్జెంటీనా టాంగో సంగీతకర్త ఆస్తోర్ పియాసోల్లా అక్కడికొచ్చి 'లిబెర్టాంగో' రికార్డు చేసినప్పుడు డ్రమ్స్ మీద కూర్చున్నది ఈయనే. అదే ఏడు అమెరికన్ జాజ్ సాక్సోఫోన్ వాద్యకారుడు జెర్రీ మల్లిగన్‌తో పియాసోల్లా చేసిన రికార్డులోనూ ఈయనే.

అదెంత ఇబ్బందైన పనో ఆలోచించండి. సంప్రదాయ టాంగో బృందంలో బాండోనియన్ (అకార్డియన్ లాంటి వాద్యం), వయొలిన్లు, పియానో, బాస్ ఉంటాయి. డ్రమ్ కిట్‌కి చోటే లేదు. టాంగోని చంపేస్తున్నాడని పియాసోల్లా మీద బ్యూనస్ ఎయిర్స్ ఛాందసులు అప్పటికే కత్తి కట్టి ఉన్నారు. ఇక 'లిబెర్టాంగో'ని హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఎనిమిది లెక్కపెడితే ఒకటి, నాలుగు, ఏడు మీద ఊనిక పడుతుంది. మన లెక్కలో తకిట తకిట తక. పాట మొత్తం దాని మీదే పరిగెడుతుంది. డ్రమ్మర్ కాస్త అత్యుత్సాహం చూపించాడా, టాంగో పోయి రాక్ మిగులుతుంది. ఈయన చూపించలేదు. తగ్గి వాయించడం ఎంత కష్టమో వాయించేవాళ్లనే అడగండి.

ఆ పాటని తర్వాత ప్రపంచంలో వాయించనివాళ్లు లేరు. పేరు పియాసోల్లాది, న్యాయమే. డ్రమ్మర్ పేరు మాత్రం కవర్ వెనక చిన్న అక్షరాల్లో ఉండిపోయింది.

మరి అలాంటి మనిషి ముందుకొచ్చి మైకు పట్టుకుంటే తప్పేంటి? 1981లో నేపుల్స్ గాయకుడు, పాటల రచయిత పీనో దానియేలేతో ఆ ఊరి పెద్ద కూడలి పియాత్సా దెల్ ప్లెబిషీతోలో వాయించాడు. ఆ రాత్రి 2 లక్షల మంది వచ్చారని చెబుతారు. జేమ్స్ సెనేసే సాక్సోఫోన్, జో అమొరూసో కీబోర్డు, తోనీ ఎస్పోసితో పెర్కషన్. బ్లూస్, జాజ్, ఫంక్, నేపుల్స్ యాస అన్నీ కలిపేసిన బృందం. అందులో ఏది జాజ్, ఏది పాప్ అని గీత గీయమంటే ఈ విమర్శకులు ఎక్కడ గీస్తారో చూడాలనుంది.

1988లో ఇటలీలోని సాన్‌రెమో పాటల పోటీలో 'అందమెంతో లెంతో' పాడాడు. గొంతు గొప్పదేం కాదు, నేనూ ఒప్పుకుంటా. కానీ అంతకుముందు పీనో దానియేలే రాసిచ్చిన 'స్టాప్ బజోన్' ఉంది కదా, ఇటలీ దాటి డాన్స్ క్లబ్బుల డీజేలు నెత్తిన పెట్టుకున్న పాట. దాన్ని పెట్టుకుని, మాటలు వదిలేసి డ్రమ్స్ మాత్రమే వినండి. ఆ వెంటనే మల్లిగన్ రికార్డు పెట్టండి. చెయ్యి అదే. చెవులున్నవాళ్లెవరికైనా తెలుస్తుంది. వినేసి రండి, అప్పుడు వాదించుకుందాం.