వేటకుక్కకి ఏం పెట్టాలి? సంచి మీది తోడేలు చెప్పని లెక్క

అక్టోబర్ మూడో శనివారం అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో చిన్నపాటి జాతర. ఫెజంట్ పక్షుల వేట సీజన్ అందరికీ తెరుచుకునే రోజు అది. ఫెజంట్ అంటే మన అడవికోడికి దూరపు చుట్టం, తోక బాగా పొడుగు. పికప్ ట్రక్కుల వెనక కుక్కల పెట్టెలు పెట్టుకుని ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు. వాళ్లలో వాళ్లకి తుపాకుల గురించి ఎంత వాదన జరుగుతుందో, కుక్కకి పెట్టే తిండి గురించీ అంతే జరుగుతుంది. ఒకాయన నమ్మిన కంపెనీ పేరు ఇంకొకాయనకి గిట్టదు.

కంపెనీ పేరుతో మొదలుపెడితే ఈ వాదన ఎప్పటికీ తెగదని నా అభిప్రాయం. ముందు అడగాల్సింది ఆ కుక్క రోజుకి ఎంతసేపు, ఎంత వేగంతో, ఏడాదిలో ఎన్ని రోజులు పరిగెత్తుతుందని. దానికి జవాబు దొరికితే తిండి సంచి ఎంచుకోవడం పావుగంట పని.

ఇంగ్లిష్ పాయింటర్‌నే తీసుకుందాం. గడ్డి మైదానంలో అటూ ఇటూ వల వేసినట్టు తిరుగుతూ, పక్షి వాసన తగలగానే ముక్కు చాచి, ముందుకాలు ఎత్తి, బొమ్మలా నిలబడిపోవడం దాని పని. యజమాని పది కిలోమీటర్లు నడిచిన రోజున అది ముప్ఫై, నలభై కిలోమీటర్లు తిరిగేస్తుంది. మెడకి కట్టే జీపీఎస్ పట్టీలు వచ్చాక ఇది ఊహ కాదు, సాయంత్రం తెర మీద కనిపించే అంకె.

పాతిక కిలోల బరువున్న కుక్క ఊరికే పడుకుని ఉంటే దాని ఒంటికి రోజుకి సుమారు 780 కేలరీలు చాలు. ఇంట్లో మామూలుగా తిరిగే కుక్కకి 1,250 దాకా పడుతుంది. వేట రోజుల్లో పాయింటర్‌కి పడుకున్నప్పటి కంటే రెండు మూడు రెట్లు, అంటే 2,350 దాకా కావాలి. చలి, తడి తోడైతే ఇంకా ఎక్కువ. అలాస్కాలో సుమారు 1,600 కిలోమీటర్లు సాగే ఇడిటరోడ్ స్లెడ్ పందెంలో మంచు మీద బండి లాగే కుక్కలకి రోజుకి పది వేల కేలరీలు దాటుతాయంటే పని ఆకలిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో అర్థమవుతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో మామూలుగా పెట్టే పెరుగన్నం లెక్క చూద్దాం. వండిన అన్నం వంద గ్రాములకి 130 కేలరీలు. పెరుగుని పక్కన పెట్టి అన్నం ఒక్కటే లెక్కేస్తే, 2,350 కేలరీలకి దగ్గర దగ్గర కిలో ఎనిమిది వందల గ్రాముల అన్నం తినాలి. పాతిక కిలోల కుక్క కడుపులో అది పట్టడమే కష్టం. పట్టినా దాంట్లో ప్రొటీన్ యాభై గ్రాములు కూడా రాదు. అదే శక్తి వేటకుక్కల కోసం అమ్మే ఎండు తిండిలో ఆరు వందల గ్రాముల పైచిలుకులో వచ్చేస్తుంది, ప్రొటీన్ 180 గ్రాములు దాటుతుంది. (మనవాళ్లు ఏ కంపెనీదైనా ఎండు గుళికల తిండిని ‘పెడిగ్రీ’ అనేస్తారు, కొబ్బరినూనె అంటే ఒకటే డబ్బా గుర్తొచ్చినట్టు.)

వేటగాళ్లు ‘థర్టీ ట్వంటీ’ అని పిలుచుకునేది ఈ తిండినే. వంద గ్రాములకి కనీసం 30 గ్రాముల ప్రొటీన్, 20 గ్రాముల కొవ్వు అని అర్థం. అమెరికాలో పశువుల దాణా, పెంపుడు జంతువుల తిండి ప్రమాణాలు చూసే ఆఫ్కో సంస్థ ఎదిగిన కుక్కకి పెట్టిన కనీస హద్దు, తేమ తీసేసి లెక్కిస్తే, ప్రొటీన్ 18 శాతం, కొవ్వు 5.5 శాతం. అది బతకడానికి సరిపడే గీత. నలభై కిలోమీటర్లు పరిగెత్తే కుక్కని దృష్టిలో పెట్టుకుని గీసింది కాదు.

ఈ రెండు అంకెల్లో అందరి కళ్లూ ముప్ఫై మీదే పడతాయి. నేనైతే ముందు ఇరవై వైపు చూస్తాను. మారథాన్ పరిగెత్తే మనిషి ముందురోజు రాత్రి పిండిపదార్థాలు దట్టిస్తాడు. కుక్క ఒళ్లు అలా తయారవలేదు. గంటల తరబడి ఒక మోస్తరు వేగంతో పరిగెత్తేటప్పుడు దాని కండరాలు ప్రధానంగా కొవ్వునే కాలుస్తాయి, అదీ మనిషి కండరాల కంటే చాలా సమర్థంగా. గ్రాము ప్రొటీన్‌కి, గ్రాము పిండికి తిండి లెక్కల్లో మూడున్నర కేలరీలు వేస్తే గ్రాము కొవ్వుకి ఎనిమిదిన్నర వేస్తారు. థర్టీ ట్వంటీ సంచిలోని శక్తిలో సుమారు 45 శాతం ఆ ఇరవై గ్రాముల కొవ్వు నుంచే వస్తుంది. అయితే కొవ్వు కాల్చడం ఒంటికి అలవాటు కావడానికి వారాలు పడుతుంది. సీజన్‌కి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే తిండి మార్చమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే. వేటకి ముందురోజు కొత్త సంచి తెరిస్తే వచ్చేది సత్తువ కాదు, విరేచనాలు.

1970ల్లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో డేవిడ్ క్రాన్‌ఫెల్డ్ స్లెడ్ కుక్కలకి పిండిపదార్థం బొత్తిగా లేని తిండి పెట్టి చూశాడు. అవి బాగానే పరిగెత్తాయి. తర్వాత స్లెడ్ కుక్కల మీద జరిగిన పరిశోధనల్లో ప్రొటీన్ తగ్గించిన గుంపులో గాయాలు పెరిగినట్టు తేలింది. కాబట్టి ఆ ముప్ఫై వృథా కాదు. దాని పని ఇంధనం అవడం కంటే అరిగిన కండని పూడ్చడం. మన ఊళ్లలో ‘మాంసం పెడితే కుక్క మనుషుల మీద పడుతుంది’ అనో, ‘వేడి చేస్తుంది’ అనో అంటారు. కాపలా కుక్క తెల్లవార్లూ మేలుకుని మొరగాలి కానీ, దానికి గంజి చాలని కూడా వాళ్లే అంటారు. కిడ్నీలు బాగున్న కుక్కని ప్రొటీన్ దెబ్బతీస్తుందనడానికి ఆధారం లేదు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. వేటకుక్కలన్నీ ఒకే పని చెయ్యవు. మన ముధోల్, రాజపాళయం, చిప్పిపారై జాతులు పాయింటర్‌లా వాసన పట్టుకుని పొద్దంతా తిరిగే రకం కావు. చూపుతో పసిగట్టి, ఒక్క ఉరుకులో కుందేలుని అందుకోవడానికి తయారైనవి. గ్రేహౌండ్‌కి దగ్గరి పని అది. ఐదొందల మీటర్ల పందెం గ్రేహౌండ్ అర నిమిషంలో ముగించేస్తుంది. అంత కొద్ది సమయంలో కొవ్వు కాలే తీరిక ఉండదు, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ పని చేస్తుంది. పందెపు గ్రేహౌండ్‌ల మీద రిచర్డ్ హిల్ బృందం చేసిన పరిశోధనలో ప్రొటీన్ పెంచి పిండిపదార్థం తగ్గిస్తే కుక్కలు నెమ్మదించాయి. స్లెడ్ కుక్కలకి అచ్చొచ్చిన సూత్రం ఇక్కడ తిరగబడింది.

నా చిన్నప్పుడు తాతయ్య దగ్గర సన్నని నడుముతో, పొడుగు మూతితో ఒక కుక్క ఉండేది. జొన్న సంకటి ముద్దని మజ్జిగలో పిసికి దానికి పెట్టేవాడు. ఇంట్లో మాంసం వండిన రోజు ఎముకలు, పేగులు దానివి. ఇవాళ ఎవరైనా నిపుణుడు చూస్తే ముక్కు విరుస్తాడేమో కానీ, ఒక్క ఉరుకు ఉరికే కుక్కకి ఆ సంకటి పూర్తిగా తప్పు తిండి కాదు. 2013లో ఎరిక్ ఆక్సెల్సన్ బృందం ‘నేచర్’ పత్రికలో చూపించినట్టు, మనిషి పంచన చేరిన కుక్క పిండిపదార్థాన్ని అరిగించుకునే జన్యువుల విషయంలో తోడేలు నుంచి దూరం జరిగింది. లోటు వేరేచోట ఉంది. మాంసం వండిన రోజు తప్పితే ప్రొటీన్ చాలేది కాదు. ఎముకలు దొరకని వారాల్లో కాల్షియం అందేది కాదు. సంకటికి రోజూ రెండు గుడ్లు తోడై ఉంటే ఆ కుక్క పక్కటెముకలు అంత బయటికి కనిపించేవి కావేమో.

తోడేలు మాట వచ్చింది కాబట్టి ‘గ్రెయిన్ ఫ్రీ’ వ్యాపారం సంగతి చెప్పక తప్పదు. సంచి మీద మంచు కొండ, దాని మీద తోడేలు, లోపల గింజధాన్యం లేదని గొప్పగా ప్రకటన. గుళిక ముద్దగా నిలవాలంటే ఏదో ఒక పిండి ఉండాల్సిందే కదా. బియ్యం, మొక్కజొన్న తీసేసిన చోట బఠాణీలు, పప్పులు, బంగాళాదుంపలు వచ్చాయి. తోడేలుకి పప్పు పెట్టింది ఎవరో నాకు తెలియదు. 2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఇలాంటి తిండి తినే కుక్కల్లో గుండె కండరం పలచబడి గుండె సాగిపోయే జబ్బు కేసులు నమోదవుతున్నాయని హెచ్చరించింది. 2019 జూన్‌లో ఆ కేసుల్లో ఎక్కువసార్లు కనిపించిన బ్రాండ్ల పేర్లూ బయటపెట్టింది. 2022 డిసెంబర్‌కి వచ్చేసరికి, కొత్త శాస్త్రీయ సమాచారం వస్తే తప్ప ఇక ప్రకటనలు చెయ్యబోమంది. తిండే కారణమని రుజువు కాలేదు, కాదనీ తేలలేదు. గుండె మీద ఆధారపడి గంటలకొద్దీ పరిగెత్తే కుక్కతో ఈ జూదం ఎందుకు? డబ్బు ఎక్కువ పెట్టి మరీ ఆడే జూదం ఇది.

వేటకుక్కకి కాళ్ల కంటే ముఖ్యమైనది ముక్కు. ఆబర్న్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ పాయింటర్‌ల మీదే చేసి, 2003లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కసరత్తు లేని కుక్కలని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించాక వాటి వాసన పసిగట్టే శక్తి బాగా పడిపోయింది. రోజూ పరిగెత్తించి తయారుచేసిన కుక్కల్లో అంత దెబ్బ లేదు. కొబ్బరినూనె కలిపిన తిండి తిన్నవాటిలో వాసన శక్తి తగ్గే ధోరణి కనిపించింది. తర్వాత డిటెక్షన్ కుక్కల మీద, అంటే దాచిన వస్తువుల్ని వాసనతో పసిగట్టేవాటి మీద, జరిగిన పనిలో మొక్కజొన్న నూనె కలిపిన తిండికి మంచి మార్కులు పడ్డాయి. నూనె సంగతి అలా ఉంచితే అసలు విషయం తేలికైనదే. కుక్క రొప్పుతున్నంతసేపూ సరిగ్గా వాసన చూడలేదు. నోటితో గాలి లాగుతుంటే ముక్కుకి పని తగ్గుతుంది. ఒళ్లు పెరిగిన కుక్క త్వరగా రొప్పుతుంది. ఎంత ఖరీదైన సంచీ దీన్ని సరిదిద్దలేదు.

వేటగాళ్లలో సగం మంది తప్పు చేసేది వేళ విషయంలో. తెల్లవారుజామున బయల్దేరేముందు, ‘పాపం పొద్దంతా పరిగెత్తాలి కదా’ అని గిన్నె నిండా పెడతారు. అప్పుడే తిన్న కుక్క ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది, కొవ్వు కరగడం నెమ్మదిస్తుంది. కావలసిన ఇంధనానికి మనమే తాళం వేసినట్టు. పైగా ఛాతీ లోతుగా ఉండే జాతుల్లో నిండు కడుపుతో పరిగెత్తితే కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉందన్న భయం ఎలాగూ ఉంది. అది వస్తే గంటల్లో ఆపరేషన్ టేబుల్ ఎక్కించకపోతే కుక్క దక్కదు. అందుకే పెద్ద భోజనం ముందురోజు సాయంత్రమే అయిపోవాలి. పొద్దున ఏమీ పెట్టకపోయినా ఫర్వాలేదు. సన్నగా ఉండి, నీరసపడి తూలే అలవాటున్న కుక్కకి మధ్యమధ్య కొంచెం కొంచెం అందిస్తే చాలు. నీళ్లు మాత్రం అడగకముందే ఇవ్వాలి. వేట ముగిసి రొప్పడం తగ్గాక, గంట ఆగి, తిండిని నీళ్లలో నానబెట్టి పెడితే హాయిగా తింటుంది.

మన దగ్గర ఈ లెక్క ఎవరికి పనికొస్తుంది? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో కుక్కలతో అడవిపందినో కుందేలునో కొట్టడం నేరం, సరదా కాదు. కానీ పరిగెత్తే కుక్కలు మనకీ ఉన్నాయి. మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసులు శిక్షణ ఇచ్చే జాగిలాలు ఉన్నాయి. పొలాల కాపలా కుక్కలు ఉన్నాయి. 2020 ఆగస్టు ‘మన్ కీ బాత్’లో ప్రధాని దేశీ జాతుల పేర్లు చెప్పాక ముధోల్ పిల్లల మీద మోజూ పెరిగింది. మూడో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగే ముధోల్‌కి పాయింటర్ తిండి పెడుతున్నవాళ్లనీ చూశాను. సంచి మీద ‘పెర్ఫార్మెన్స్’ అని ఉందట. దాని పెర్ఫార్మెన్స్ అంతా లిఫ్టు నుంచి పార్కింగ్ దాకా.

తిండి తగ్గించడం క్రూరత్వం అనుకునేవాళ్లు 2002లో వచ్చిన ఒక పరిశోధన గురించి తెలుసుకోవాలి. 48 లాబ్రడార్‌లని జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదాని కంటే పాతిక శాతం తక్కువ తిండి పెట్టి, చచ్చిపోయేదాకా గమనించారు. తక్కువ తిన్న గుంపు సగటున పదమూడేళ్లు బతికితే, రెండో గుంపు పదకొండేళ్ల పైచిలుకుతో ఆగింది. కీళ్ల నొప్పులూ తక్కువ తిన్నవాటికే ఆలస్యంగా వచ్చాయి.

సౌత్ డకోటాలో ఫెజంట్ సీజన్ జనవరి 31తో ముగుస్తుంది. ఫిబ్రవరి మొదటి వారంలో ఆ పాయింటర్ మళ్లీ 1,250 కేలరీల కుక్క అయిపోతుంది. అదే సంచి నుంచే పెట్టినా రోజుకి 330 గ్రాములు దాటనక్కర్లేదు. అరచెయ్యి దాని పక్కటెముకల మీద వేసి నొక్కకుండా నిమిరితే ఒక్కొక్కటీ వేళ్లకి తగలాలి, కళ్లకి మాత్రం కనిపించకూడదు. తగలడం మానేసిన రోజు కొలత గిన్నెలోంచి ఇంకో గుప్పెడు సంచిలోకి వెనక్కి పొయ్యాలి.