ఇంటర్‌లేసింగ్ గారూ, తలంబ్రాల చేతికి దువ్వెన పళ్లేమిటండీ?

మహారాజశ్రీ ఇంటర్‌లేసింగ్ గారి సముఖానికి,

చెన్నై నుంచి పాత పెళ్లి క్యాసెట్ల వారసులు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనాలని ఉంది గానీ, ఇక్కడ కుశలం తమరి దయ వల్లే లేదు.

ఒక్కో టీవీ బొమ్మనీ గీతలుగా రెండు సగాలు చేసి, ఒకదాని తర్వాత ఒకటి పంపే పద్ధతే కదా తమరు. పిక్చర్ ట్యూబుల కాలంలో తమరి ఉపకారం కాదనం. సెకనుకు 25 ఫ్రేములే (పూర్తి బొమ్మలే) అయినా, ఒక్కోదాన్నీ బేసి గీతలు, సరి గీతలుగా చీల్చి 50 ఫీల్డులు (సగం బొమ్మలు) పంపారు, తెర రెపరెపలాడకుండా చూశారు. కానీ ఆ రెండు ఫీల్డులకీ మధ్య సెకనులో 50వ వంతు ఎడముంది. ఇప్పటి తెర రెంటినీ ఒకేసారి చూపిస్తుంది. అందుకే బాసింపట్టు వేసుక్కూర్చున్న పురోహితుడు నిక్షేపంగా ఉంటాడు, తలంబ్రాలు పోసే పెళ్లికూతురికి మాత్రం మోచేతి దాకా దువ్వెన పళ్లు మొలుస్తాయి.

తమరికి మా వాళ్ల సాయం కూడా తక్కువేం కాదు. రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికే, క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ స్టిక్కు తెచ్చి, 576 గీతల బొమ్మని నేరుగా 480కి కుదించి పట్టేస్తారు. అక్కడితో రెండు ఫీల్డులూ కలగలిసిపోతాయి, ఇక ఏ ఫిల్టరూ విడదీయలేదు. 720×576లోనే, ప్రతి గీతకీ రంగు వివరం ఉంచే 4:2:2 పద్ధతిలో, నాణ్యత పోకుండా దాచే ఎఫ్‌ఎఫ్‌వీ1 ఫార్మాట్‌లో పట్టుకుని, కుదింపు చివర్న పెట్టుకోమంటే ఎవరు వింటారు?

వీడియోలు మార్చే ఉచిత ప్రోగ్రాము ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చేతికి రాగానే, ఈ దువ్వెన పళ్లు తీసే యాడిఫ్ ఫిల్టర్ కొట్టేయడం ఇంకో ఆత్రం. ముందు ఐడెట్ ఫిల్టర్‌తో ఒక 500 ఫ్రేములు చూస్తే, పై ఫీల్డు ముందా, కింది ఫీల్డు ముందా అన్నది లెక్కతో సహా చెబుతుంది. డీవీ (డిజిటల్ వీడియో) క్యామ్‌కార్డర్ టేపుల్లో కిందిదే ముందు. ఇది తిరగబడితే తాళి కట్టే చెయ్యి ముందుకీ వెనక్కీ జంకుతున్నట్టు ఊగుతుంది, వరుడిదేం తప్పు లేదు పాపం. యాడిఫ్‌కి మోడ్ 1, ప్యారిటీ 1 ఇస్తే కింది ఫీల్డు ముందు పెట్టుకుని 50 ఫ్రేములూ ఇస్తుంది, కదలిక నున్నగా వస్తుంది. మోడ్ 0 అయితే 25తో సరిపెట్టి, సగం కదలిక మింగేస్తుంది. అదే పని చేసే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ ఇంకాస్త శుభ్రం. 'డీఇంట్=ఇంటర్‌లేస్‌డ్' అని మాత్రం పెట్టకూడదు. క్యాప్చర్ ఫైల్లో 'ఇది ఇంటర్‌లేస్ అయింది' అని చెప్పే తమరి జెండా (ఫ్లాగ్) లేకపోతే అది ఏమీ చేయకుండా చేతులు ముడుచుకు కూర్చుంటుంది.

ఫోటో తీసి ఫ్రేము కట్టించుకోవాలంటే ఆ 50లోంచి బాగున్న ఒకటి ఎంచి, 768×576కి సాగదీసి, నాణ్యత తగ్గని పీఎన్‌జీ ఫైలుగా దాచాలి. సాగదీయకపోతే పెళ్లివారందరూ సన్నబడిపోతారు. కొందరికి అదే ఇష్టమనుకోండి.

అన్నట్టు, అదే బీరువాలో సినిమా క్యాసెట్లూ ఉంటాయి. 24 ఫ్రేముల ఫిల్మును 25కి పరుగెత్తించి ఎక్కించినవి, రెండు ఫీల్డులూ ఒకే ఫ్రేములోవి. ఫీల్డులు జతగా పడితే అక్కడ తమరి గీతలే లేవు. అయినా మా వాళ్లు యాడిఫ్ ప్రయోగించి, ఉన్న కాస్త వివరాన్నీ చెరిపి, తమరిని తరిమేశామని చేతులు దులుపుకుంటారు. తమరు 1080ఐ (ఆ 'ఐ' తమరే) అని పేరు మార్చుకుని హెచ్‌డీలోకి దూరిన సంగతి వాళ్లకింకా చెప్పలేదు.

ఇట్లు,
పెళ్లి క్యాసెట్ల వారసులు,
చెన్నై